మదనపల్లె పాదిరి జేకబు చాంబర్లేను: జీవితము, తెలుగు సేవ

తెలుగు వచనచరిత్రను వ్రాయువారు చిన్నయసూరి నీతిచంద్రికతో 1853లో బయలుదేరి, వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రమును 1880లో చేరుట పరిపాటి. ఈ రెండు మజిలీల నడుమ తెలుగునాట వచనమును వ్రాసి, వ్రాయించి, అచ్చొత్తించి, ఊరూర మోసికొనిపోయి అమ్మిన మఱియొక వర్గము కలదు. వారు మిషనరీలు. వారి రచనను 'పాదిరి తెలుగు' అని ఒక్కమాటతో త్రోసివేయుట మన పండితుల కలవాటైనది. అందులకు కారణములు లేకపోలేదు. కాని చదివి త్రోసివేయుట వేరు, చదువక త్రోసివేయుట వేరు. మన విభాగములలో జరుగుచున్నది రెండవదియే యని మా యభిప్రాయము.

ఈ వ్యాసమున మేము చిత్తూరు సీమలో నలువదియైదేండ్లు పాదిరిగా పేరుపొందిన జేకబు చాంబర్లేను జీవితమును పరిశీలింప దలచితిమి. ఆయన 1835లో అమెరికాలో పుట్టి, 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసెను. ఆ కాలమున మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనిది; పలమనేరు, చిత్తూరు ఉత్తరార్కాటులోనివి. చిత్తూరు జిల్లా యనునది 1911 ఏప్రిలు 1వ తేదీన గాని ఏర్పడలేదు. 2022లో మదనపల్లె మఱల చిత్తూరునుండి విడివడి అన్నమయ్య జిల్లాలో చేరినది. కావున ఈ వ్యాసములో 'చిత్తూరు సీమ' యను మాటను పాలనావిభాగముగా గాక, కొండలచేతను భాషచేతను ఏర్పడిన ప్రాంతముగా గ్రహింప వలయును. ఇచట తెలుగు, తమిళము, కన్నడము, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినవచ్చును. ఈ సంగతి చాంబర్లేను కథకు ముఖ్యమైనది.

మొదటనే ఒక చిక్కును చెప్పుకొనుట మంచిది. చాంబర్లేను జీవితమునకు ప్రధానాధారములు ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకములే. 1896లో వెలువడిన 'ఇన్ ది టైగర్ జంగిల్', 1900లో వెలువడిన 'ది కోబ్రాస్ డెన్', మరణించిన యేట 1908లో అచ్చయిన 'ది కింగ్‌డమ్ ఇన్ ఇండియా' వానిలో ముఖ్యములు. వీనిని చదువ వలసినవారు అమెరికాలోని సంఘస్థులు. చదివి మిషనుకు చందాలు పంప వలసినవారు. తెలుగులో ఆయన ఏండ్లతరబడి వీథులలో, సంతలలో, రచ్చబండలవద్ద పలికిన పలుకులు గాలిలో కలిసిపోయినవి. ఒకే మనుష్యుడు రెండు సభలతో మాటాడినాడు; మనకు మిగిలినది దూరపు సభతో మాటాడిన మాట. ఈ భేదమును మరచి ఆయన కథలను యథాతథముగా చరిత్రయని గ్రహించినవారును, కట్టుకథలని కొట్టివేసినవారును ఒకే పొరపాటు చేసినవారగుదురు.

ఆయన చేరిన ఆర్కాటు మిషను పుట్టుపూర్వోత్తరములను కొంత చెప్పవలయును. న్యూయార్కులో వైద్యవృత్తిలో నున్న జాన్ స్కడ్డరు ఒకనాడు రోగిని చూడబోయి, ఆ యింట కనబడిన ఒక చిన్న మతపుస్తకమును చదివి, వృత్తిని విడిచి 1819లో సింహళమునకు ఓడ యెక్కినట్లు ప్రసిద్ధి. అమెరికా నుండి వచ్చిన వైద్యమిషనరీలలో ఆయనయే మొదటివాడు. 1836లో మద్రాసు చేరెను. ఆయన కుమారులు హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్ మొదలగువారు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. 1857లో అది అమెరికాలోని డచ్చి సంతతివారి రిఫార్మ్‌డ్ చర్చికి చెందినది. వేలూరులో గొప్ప వైద్యశాలను నెలకొల్పిన ఐడా స్కడ్డరు ఈ జాన్ స్కడ్డరు మనుమరాలే.

స్కడ్డరు సోదరులు మిషనుకు ఒక కట్టుబాటు చేసికొనిరి. ఇంగ్లీషు బడులు పెట్టి పై కులముల బాలురను ఆకర్షించు పద్ధతిని వారు విడనాడిరి. ప్రజల భాషలో ప్రజల యెదుట నిలిచి బోధించుటయే తమ పని యనిరి. బడులు క్రైస్తవ బాలబాలికలకు, వారి భాషలోనే యనిరి. మెకాలే పత్రము వెలువడి ఇరువదియేండ్లయినను గడువని కాలమున, మద్రాసులో ఇంగ్లీషు చదువుకై జనము ఎగబడుచున్న దినములలో ఈ నిర్ణయము తీసికొనుట సామాన్యము కాదు. తరువాత ఈ కట్టుబాటు సడలినది. వేలూరులో ఉన్నతపాఠశాలయు, కళాశాలయు వెలసినవి. కాని చాంబర్లేను వచ్చిననాటికి నియమము గట్టిగానే యుండెను. భాష రానివాడు ఆ మిషనులో కొరగానివాడు. ఆయన తెలుగుసేవకు మూలము వ్యక్తిగతమైన భాషాభిమానము మాత్రమే కాదని, సంస్థ పెట్టిన నిర్బంధము కూడ నని గుర్తింప వలయును.

ఆయన 1835 ఏప్రిలు 13వ తేదీన కనెక్టికటు రాష్ట్రములోని షారను గ్రామమున జన్మించెను. ఒహాయో రాష్ట్రమున పెరిగి, అచటి వెస్టర్న్ రిజర్వు కళాశాలనుండి 1856లో పట్టభద్రుడై, న్యూబ్రన్స్‌విక్కులోని వేదాంతపాఠశాలలో 1859లో చదువు ముగించెను. వేదాంతముతోపాటు వైద్యమును కూడ అభ్యసించెను. ఆ యేటనే పెండ్లి చేసికొని, భార్య షార్లెటుతో కూడ ఓడ యెక్కి, 1860 ఏప్రిలులో మద్రాసున దిగెను. అప్పటి కాయనకు ఇరువదియైదేండ్లు.

పాదిరి యగుటకు ఆయన నడచిన త్రోవ ఇంతే. ఇందు కళాశాల కలదు, గురుకులము కలదు, పంపిన సంఘము కలదు, జీతమిచ్చు బోర్డు కలదు. ఇదే కాలమున తెలుగువాడొకడు క్రైస్తవ గురువు కావలెనన్న ఏమి కోలుపోవలసి యుండెనో తలచినప్పుడు ఈ త్రోవ ఎంత సాఫీయైనదో తెలియగలదు. కళింగసీమలో బ్రాహ్మణకుటుంబమున పుట్టి, క్రైస్తవుడై, గురువై, కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) బంధువర్గమును, కులమును, ఊరును విడిచిన తరువాత గాని ఆ పని చేయలేకపోయెను. చాంబర్లేను విడిచినది దేశమును. చౌదరి దేశములోనే యుండి పరదేశి యయ్యెను. ఈ రెండును త్యాగములే. కాని ఒకే తూకపురాళ్ళతో తూచదగినవి కావు.

ఆర్కాటు మిషను క్షేత్రము దక్షిణమున తమిళము, ఉత్తరమున తెలుగు. చాంబర్లేను రెండు భాషలను నేర్చెను. చిత్తూరునుండి మొగిలి కనుమ యెక్కిన పిదప వచ్చు పలమనేరులో కొంతకాలముండి, 1863లో మదనపల్లెలో స్థిరపడెను. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తుననున్న ఊరగుటచే శీతోష్ణము తెల్లవారికి అనుకూలము. కడప కలెక్టరు హార్స్‌లీ ఆ దగ్గరనున్న ఏనుగుమల్లమ్మ కొండమీద బంగళా కట్టుకొని, కొండ పేరునే మార్చివేసిన సంగతి మనమెఱిగినదే. దొరలు వేసవికై యెక్కిన కొండ అది. చాంబర్లేను నిలిచినది దిగువ ఊరిలో.

ఆ యేటనే ఆయన చేసిన దేశయాత్ర ప్రసిద్ధమైనది. మదనపల్లెనుండి బయలుదేరి నైజాము రాజ్యముగుండ మధ్యరాష్ట్రములవరకు పోయి, గోదావరి మీదుగా మరలివచ్చుటకు పండ్రెండువందల మైళ్ళ నడక. వెంట నలుగురు దేశీయ సహాయకులు. బండ్లలో పలుభాషల సువార్త ప్రతులు, చిన్న పుస్తకములు. ఉచితముగా పంచుటకంటె స్వల్పవెలకైనను అమ్ముటయే మిషనువారి పద్ధతి. కొనినవాడు చింపడు, చదువును అనునది వారి తర్కము. పుస్తకవిక్రయచరిత్రలో దీనికి స్థానముండ వలయును. అచ్చుపుస్తకమును మునుపెన్నడు చూడని గ్రామములకు తెలుగక్షరము ఇట్లు బండిమీద నడచి వచ్చినది.

ఈ యాత్రలో పుట్టిన రెండు కథలు ఆయన పుస్తకములకు ప్రాణము. మొదటిది కోటగోడల పట్టణపు కథ. నైజాము రాజ్యములోని ఒక పట్టణమున అంగడివీథిలో ఆయన బోధింప నారంభింపగా జనము కుపితులై వెళ్ళిపొమ్మనిరి. కొందరు రాళ్ళు పెరికి చేతబట్టిరి. ఆయన, 'కొట్టుటకు ముందు ఒక కథ వినుడు, తరువాత మీ యిష్టము' అని బతిమాలి, యేసు జననము మొదలు సిలువ మరణమువరకు చెప్పెనట. వినినవారి కన్నులలో నీరు తిరిగినదనియు, రాళ్ళు నేలజారినవనియు, చివర కాయన తెచ్చిన పుస్తకములను వారు కొనిరనియు ఆయన వ్రాసెను.

ఈ కథను అమెరికా పాఠకుడు సువార్తశక్తికి నిదర్శనముగా చదివియుండును. మాకు తోచునది వేరు. కథ చెప్పెదనన్నవానిని చెప్పనీయక తరిమివేయు ఊరు తెలుగునాట అరుదు. హరికథకుని, జంగముకథకుని, తోలుబొమ్మలాటవానిని రాత్రి తెల్లవార్లు వినిన జనమది. వాదమునకు రాయి యెత్తినవారు కథకు రాయి దించిరి. చాంబర్లేను వాదమును విడిచి కథను పట్టుకొనుట ప్రాణభయముచే జరిగియుండవచ్చును. అయినను ఆ క్షణమున ఆయన ఈ దేశపు వినికిడి మర్యాదను గ్రహించెను. కన్నీటిని కొలతగా పెట్టుకొనుటయు మనకు కొత్త కాదు. భక్తకథాశ్రవణమునకు అశ్రుపాతమే గదా మన పూర్వులు చెప్పిన ఫలము.

రెండవది పులుల అడవి కథ. గోదావరి వరదలో నున్నది. కూలీలు పులిభయముచే ముందునకు సాగ నొల్లరు. ప్రభుత్వపు ఆవిరిపడవను అందుకొనుటకై పోవుచుండ, ఉపనది పోటెత్తి దారి నీటిలో మునిగినది. ప్రొద్దు క్రుంకుచున్నది. ఆయన గుఱ్ఱముమీద కొంచెము ఎడముగా పోయి ప్రార్థించెను. ఎడమవైపునకు తిరిగి గోదావరికి పొమ్ము, అచట రక్షణ కలదని లోపల ఒక పలుకు వినిపించినట్లయ్యెను. ఒకటికి రెండుమారులు సహాయకులతో ఆలోచించి, వారికి నమ్మకము చాలకున్నను, చివరకు నదివైపు తిరిగిరి. ఒడ్డున, ఎచటనో కట్టు తెంచుకొని కొట్టుకొనివచ్చిన పెద్ద బల్లకట్టు ఒకటి యుండెను. దానిమీద ఆ రాత్రి నిప్పు రాజవేసికొని, పులుల అరపులు వినుచు గడపిరి.

పోతన భాగవతము చదివిన తెలుగువానికి ఈ కథాకృతి పరిచితమే. మడుగు, ఆపద, బలము క్షీణించుట, మొఱ, వెంటనే రక్షణ. గజేంద్రుని కథకు ఎముకలు ఇవియే. అట్లని చాంబర్లేను మన పురాణము ననుకరించెనని మేము చెప్పము. శరణాగతికథకు ఏ మతమునను ఆకారము ఇంచుమించు ఒకటియే. కాని ఒక భేదము గమనింపదగినది. గజేంద్రమోక్షమున చక్రమెట్లు వచ్చెనని ఎవ్వరును విచారింపరు. చాంబర్లేను మాత్రము బల్లకట్టు మనుష్యులను పిలిచి, అది ఎచటిది, ఎట్లు కట్టు తెగినది, మీరేల ఆపలేకపోతిరి అని విచారణ జరిపెను. వారి సమాధానములను సాక్ష్యమువలె పొందుపరచెను. పందొమ్మిదవ శతాబ్దపు వైద్యుడు మహిమకు గూడ రుజువు కోరినాడు. ఆయన వ్యక్తిత్వమంతయు ఇందు కనిపించునని మా తలంపు.

ఈ కథలలో మాకు కొఱతగా తోచునది ఆ నలుగురు సహాయకుల విషయము. పుస్తకములను మోసినవారు, ఊరి మునసబుతో ముందు మాటాడినవారు, దొర తెలుగు జనమునకు అర్థముకానిచోట అందుకొనినవారు వీరే. రాళ్ళు పడియుండిన వీరి తలలమీదను పడెడివి. యాత్రలో అడవిజ్వరము దొరగారికి తగిలి జీవితాంతము వెంటాడినదని ప్రతి గ్రంథమును చెప్పును. సహాయకుల జ్వరములను ఎవరు లెక్కించిరి? మిషను చరిత్రలను ప్రథమపురుష బహువచనముతో తిరిగి వ్రాయవలసిన యవసరము కలదు.

వైద్యమునకు వత్తము. మదనపల్లెలో ఆయన వైద్యశాల నడపెను. ఉదయము రోగులు గుమిగూడిన పిమ్మట గ్రంథపఠనము, చిన్న బోధ, ప్రార్థన జరిగిన తరువాత మందు. ఆర్కాటు మిషను వైద్యశాలలన్నిట ఇదే క్రమము. రోగి మందుకు వచ్చినాడా బోధకు వచ్చినాడా అని నేడు మనమడుగవచ్చును. మందుకే వచ్చినాడు. నొప్పితో వచ్చినవానికి ముందుగా బోధ వినిపించుట న్యాయమా యను ప్రశ్నకు మిషనువారివద్ద సిద్ధముగా ఒక సమాధానముండెను: శరీరమును, ఆత్మను వేరుచేసి చూడరాదని. ఆ సమాధానము మాకు పూర్తిగా తృప్తినీయదు. అయినను ఆ దినములలో మదనపల్లె చుట్టుపట్ల పల్లెవాసికి శస్త్రచికిత్స దొరకు చోట్లు ఎన్ని యని ఎదురుప్రశ్న వేసికొనకుండ తీర్పు చెప్పరాదు. ఆయన వేసిన దారిలోనే 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి మదనపల్లెలో వెలసినది. తరువాత దగ్గరనే పలు మిషనుల ఉమ్మడి ప్రయత్నముగా క్షయరోగశాల ఏర్పడి, ఆ చోటికి ఆరోగ్యవరమను పేరు వచ్చినది. క్షయ యను మాట వినగానే ఈ ఊరు గుర్తువచ్చు కాలమొకటి దక్షిణదేశమంతట నుండెను.

ఇక సంఘము. చాంబర్లేను పుస్తకములలో ప్రశ్నలడుగువారు, చర్చించువారు, రాత్రివేళ రహస్యముగా వచ్చి సందేహములు తీర్చుకొనువారు తరచుగా బ్రాహ్మణులు, పండితులు, ఊరిపెద్దలు. మిషను చేర్పు పట్టికలను నింపినవారు మాత్రము వారు కారు, మాలపల్లెలవారు. 1876-78 నాటి ఘోరక్షామమున, మన సీమలో ధాత కరవని నేటికిని చెప్పుకొను ఆ కాలమున, ఆర్కాటు మిషనులో చేరినవారి సంఖ్య మునుపెన్నడు లేనంతగా పెరిగినది. 'గంజి క్రైస్తవులు' అను నింద అప్పటిదే. ఆకలిగొన్నవాడు గంజి పోసినవాని దేవుని గూర్చి విచారించుట నింద్యమని మాకు తోచదు. గంజి అయిపోయిన తరువాతను తరములతరబడి ఆ సంఘములు నిలిచియుండుట నిందకు సమాధానము. కథలలో కనబడు శ్రోత ఒకడు, సంఘములో కూర్చున్న శ్రోత వేఱొకడు. ఈ రెండవవానిని గూర్చి అమెరికా పాఠకునికి చెప్పుటలో చాంబర్లేను కలము అంత ఉత్సాహము చూపలేదు.

ఈ రెండవ శ్రోతకు నిజమైన పాదిరి చాంబర్లేను కాడు, పల్లెలోని ఉపదేశి. పగలు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారము ఆరాధన, నడుమ తగవులు, చావులు, పెండ్లిండ్లు. చిత్తూరు సీమలో బడిపంతులును 'అయ్యవారు' అందుము. ఆ పలుకే దేవాలయార్చకునికిని చెల్లును. పల్లెసంఘములలో గురువును 'అయ్యగారు' అనియు, ఆయన భార్యను 'అమ్మగారు' అనియు పిలుచుట స్థిరపడినది. ఒక తరమునకు ముందు ఏ పిలుపునకు నోచుకొనని పల్లెలో పుట్టినవాడు, అక్షరము నేర్చి, నేర్పి, అయ్యగారు అయినాడు. సామాజికచరిత్రలో ఈ పిలుపు మార్పు చిన్న సంగతి కాదు. భాషాశాస్త్రవిద్యార్థి ఒకడు ఈ గౌరవపదములను మాత్రమే తీసికొని పరిశోధన చేసినను మంచి సిద్ధాంతవ్యాసము కాగలదు.

ఉపదేశి గురువగుటకు చదువు కావలయును. స్థానికులను గురువులుగా తయారు చేయు పాఠశాల లేనిదే సంఘము పరాధీనమై యుండునని చాంబర్లేను గ్రహించెను. 1879లో ఆయన ప్రకటించిన ఒక చిన్న గ్రంథము దేశీయ సంఘములకును, విదేశ మిషను సంస్థలకును గల సంబంధమును గూర్చినది. ఇచటి సంఘములు అమెరికా సంఘపు కొమ్మలుగా కాక, తమలో తాము కూడి ఒక దేశీయసంఘముగా ఎదుగవలెనని ఆయన పక్షము. తరువాత అమెరికాకు సెలవుపై పోయినప్పుడు ఆయనయే తిరిగి ధనము కూడబెట్టెను. ఆ మూలధనముతో 1888లో పలమనేరున ఆర్కాటు వేదాంతపాఠశాల ఆరంభమయ్యెను. పులుల కథలు చెప్పి చందాలు తెచ్చెనని ఎవరైన పరిహసించినచో, ఆ చందాలలో కొంత మాలపల్లె బాలుని గురువును చేయుటకు వ్యయమైనదని కూడ చెప్పవలసి యుండును.

తెలుగు శాఖవారికి మిక్కిలి కావలసిన భాగము బైబులు సంస్కరణము. తెలుగు బైబులు చాంబర్లేనుతో మొదలు కాలేదు. విశాఖపట్టణమున లండను మిషనుకు చెందిన దేగ్రాంజి, ఆనందరాయలను తెలుగు పండితుని సాయముతో కొన్ని సువార్తలను తెలిగించెను; అవి 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. ప్రిచ్చెట్టు క్రొత్త నిబంధన 1819లో మద్రాసున వెలువడినది. బ్రౌనుదొరయు బైబులు తెనిగింపునకు చాల పాటుపడెను. విశాఖలోని వార్డ్లా, జాన్ హే ఈ పనిని ముందునకు నడపిరి. ఇట్లు చేతులు మారుచు వచ్చిన అనువాదమును పలు మిషనులవారు కలిసి సంస్కరించుటకు సంఘమేర్పడగా, 1873నుండి 1894వరకు చాంబర్లేను దానికి అధ్యక్షుడుగా నుండెను. నెల్లూరు బాప్టిస్టు మిషనుకు చెందిన జూయెట్టు వంటివారు ఇందు సభ్యులు. ఇరువదియొక్క సంవత్సరములు! వీరేశలింగముగారి వివేకవర్ధని పుట్టి, రాజశేఖరచరిత్రము వెలువడి, వితంతువివాహములు జరిగి, గురజాడవారి కన్యాశుల్కము 1892లో రంగమెక్కినంతకాలము ఈ సంఘము ఒక్కొక్క మాటవద్ద నిలిచి తర్కించుచుండెను.

ఏ మాట ఎవరు ప్రతిపాదించిరని విడదీయుట ఇట్టి సమష్టిరచనలో తగదు. కాని తెలుగు బైబులులో నిలిచిన కొన్ని మాటలను పరికించినచో ఆ తర్కము ఎట్టిదో ఊహింపవచ్చును. మోక్షము, ముక్తి యను సిద్ధపదములుండగా, 'రక్షణ' ముఖ్యపదమైనది. మోక్షమన్నచో జన్మరాహిత్యమని శ్రోత గ్రహించును. అది వారికి పనికిరాదు. రక్షణ యన్నచో కాపుదల. పంటను కాచినట్లు, కోటను కాచినట్లు. పల్లెవానికి ఇది వెంటనే తెలియు మాట. మతార్థము మాత్రము తరువాత నేర్చుకొనవలసినది. 'నీతి' విషయమున ఫలితము అంత బాగుగా లేదు. సుమతిశతకము చదివిన తెలుగువానికి నీతి యనగా లోకవ్యవహారములో నడచుకొను తీరు. పౌలు లేఖలలో అదే మాట దేవునియెదుట మనుష్యుడు నిర్దోషిగా ఎంచబడు స్థితికి వాడబడినది. ఈ యర్థాంతరమును గుర్తింపక చదివినచో రోమీయులకు వ్రాసిన పత్రిక అంతయు ఒక నీతిశాస్త్రమువలె కనబడును. పలుమారు అట్లే కనబడినది కూడ.

'మారుమనస్సు' అను మాటను మాత్రము మేము మెచ్చుకొనక తప్పదు. పశ్చాత్తాపమను సంస్కృతపదము సిద్ధముగా నున్నను, గ్రీకు మూలమునకు ఇదియే దగ్గర. తెలుగును, తత్సమమును కలిసిన మిశ్రసమాసము. వైయాకరణునికి ఆక్షేపణ లేదు. మారుపేరు, మారువేషము అను మాటల ప్రక్కన ఇది సహజముగా కూర్చున్నది. మారువేషము పైకి సంబంధించినది, మారుమనస్సు లోపలికి. ఇట్టి మాటను గ్రాంథికమని గాని వ్యావహారికమని గాని అనలేము. 'పాదిరి తెలుగు' అని నవ్వువారు ఈ మాటను ముందు పెట్టుకొని కొంచెము ఆలోచింతురు గాక. వాక్యరచన విషయమున నవ్వుటకు మేమును అడ్డురాము. మూలములోని సముచ్చయములను విడువక తెచ్చుటచేత వాక్యములు కొన్నిచోట్ల ఊపిరి యాడని విధముగా సాగినవి.

చాంబర్లేను 1873లో తమ సంఘారాధనక్రమమును తెలుగున ప్రకటించెను. 1884లో ఆరాధనకై కీర్తనల సంపుటమును వెలువరించెను. కీర్తనలలో పాశ్చాత్యఛందమును తెలుగుమీద రుద్దిన పాటలు మిషనులన్నిట ఉండెను. అవి నేటికిని గుడిలో పాడబడుచున్నవి, పొలములో పాడబడవు. చౌదరివంటివారి పాటలు రెండుచోట్లను వినబడును. ఇంతకంటె విమర్శ అక్కఱలేదు.

వేమనను ఆయన వాడుకొనిన తీరు ప్రత్యేకముగా చెప్పదగినది. బ్రౌను 1829లోనే వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించియుండెను. చాంబర్లేను బోధలలో వేమనను పఠించుటయేకాక, కొన్ని పద్యములను ఇంగ్లీషు పద్యములుగా మార్చి అమెరికా శ్రోతలకు వినిపించెను. తీర్థములాడుటవలన, అడవులు తిరుగుటవలన ఫలము లేదు, మనశ్శుద్ధియే కావలయునను భావముగల పద్యములు ఆయన కిష్టములు. మీ కవియే చెప్పుచున్నాడు గదా యని ఇచటివారితో అనుటకు, వీరిలోను సత్యాన్వేషణ కలదని అచటివారితో అనుటకు ఒకే పద్యము రెండువిధముల ఉపయోగపడినది. ఇది తెలివియే, కాని సగము వేమనయే. ఆ పద్యములు చెప్పిన వేమనయే యోగమును, అద్వైతమును చెప్పెను. విగ్రహమును కాదన్నవాడు మధ్యవర్తి యగు రక్షకుని కోరలేదు. ఈ మిగిలిన సగమును ఎదుర్కొనియుండిన చాంబర్లేను బోధ ఎట్లు మారియుండెడిదో! కడపసీమ ప్రక్కననే నలువదియైదేండ్లున్నవానిని ఆ ప్రశ్న ఎవరైన రచ్చబండవద్ద అడిగియే యుందురని మాకు గట్టి నమ్మకము.

1901లో ఆర్కాటు మిషను సంఘములును, మద్రాసులోని స్కాట్లండు మిషను సంఘములును ఏకమైనవి. ఆ ఐక్యతను మొదటినుండి కోరినవారిలో చాంబర్లేను ముందువాడు. దానికి మించిన కలయికగా దక్షిణ ఇండియా ఐక్యసంఘము 1908 జూలైలో మద్రాసున ఏర్పడినది. అదియే ఇతరసంఘములతో కూడి 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘమైనది. చాంబర్లేను దానిని చూడలేదు. 1908 మార్చి 2వ తేదీన, ఐక్యసంఘము ఏర్పడుటకు కొన్ని నెలలు ముందు, మదనపల్లెలో ఆయన మరణించెను.

చివరి యేండ్లలో ఆయన చేతనున్న పని తెలుగు బైబులు నిఘంటువు. బైబులులోని మనుష్యులను, ఊళ్ళను, చెట్లను, తూనికలను, పండుగలను తెలుగు పాఠకునికి అక్షరక్రమమున తెలియజెప్పు గ్రంథమది. యూరపు భాషలలోని నిఘంటువును యథాతథముగా దింపినచో పలమనేరు పాఠశాలలో చదువు పల్లెబాలునికి ప్రయోజనము లేదు; ప్రతి వస్తువును అతడెఱిగిన వస్తువుతో పోల్చి చెప్పవలసియుండును. 1906లో మొదటి సంపుటము వెలువడినది. తక్కిన భాగము ఆయన చేతిమీదుగా పూర్తికాలేదు.